ట్రిబ్యూట్ బ్యాండ్లలో వాయించేవాళ్లు ఎవరు, ఎక్కడి నుంచి వస్తారు? – తరచుగా అడిగే ప్రశ్నలు

రాక్ ట్రిబ్యూట్ బ్యాండ్ల ప్రస్తావన ఎప్పుడు వచ్చినా పది నిమిషాల్లో మాట అక్కడికే చేరుతుంది: "సొంత సరుకు లేకనే కదన్నా, వేరేవాళ్ల పాటలు వాయించుకుంటున్నారు?" కాలేజీ రోజుల్లో రెండేళ్లు నేనొక ఆర్కెస్ట్రా పార్టీలో గిటార్ వాయించాను. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, ఊరి జాతరలు. అప్పట్లో ఈ మాట మాకూ తగిలేది. అందుకే ఈ సందేహాలు విన్నప్పుడల్లా నాకు కాస్త పౌరుషం వస్తుంది. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెట్టాను. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## బ్యాండ్‌లోకి రాకముందు

ట్రిబ్యూట్ బ్యాండ్, కవర్ బ్యాండ్ రెండూ ఒకటే కదా?

ఒకటి కాదు. కవర్ బ్యాండ్ పది మంది పాటలు కలిపి వాయిస్తుంది. బీటిల్స్ పాట వెనకే బ్రయాన్ ఆడమ్స్ పాట రావచ్చు, శ్రుతి మార్చుకోవచ్చు, నచ్చకపోతే గిటార్ సోలో ఎత్తేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు. ట్రిబ్యూట్ బ్యాండ్ మాత్రం ఒకే బ్యాండ్ పాటలకు కట్టుబడి ఉంటుంది. దాని శ్రోతలు రికార్డులు బట్టీ పట్టి వస్తారు. ఒక్క స్వరం తప్పినా ముందు వరుసలో కూర్చున్నవాడి మొహంలో కనిపించిపోతుంది.

ఈ అలవాటు ఎప్పటిది? ఎవరు మొదలుపెట్టారు?

ఫలానావాళ్లని ఒక్కరి పేరు చెప్పలేం గానీ, ఊపు తెచ్చింది బీటిల్స్ పాటలే. 1977లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో 'బీటిల్‌మేనియా' అనే ప్రదర్శన మొదలైంది. నలుగురు సంగీతకారులు బీటిల్స్ వేషాల్లో పాడి వాయించేవారు. ఆ ప్రదర్శన లండన్ కూడా వెళ్లింది. అక్కడ అందులో పనిచేసినవాళ్లే 1980లో బూట్‌లెగ్ బీటిల్స్‌గా ఏర్పడ్డారు. అంటే ఈ కళకు ఒక కాలు మొదటి నుంచీ నాటకరంగంలోనే ఉంది. ఇంకో కాలు ఆస్ట్రేలియాలో. 1988లో అడిలైడ్‌లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పాటల కోసం ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్ షో పుట్టింది. అదే సంవత్సరం మెల్‌బోర్న్‌లో స్వీడన్ పాప్ బృందం 'అబ్బా' పాటల కోసం బ్యార్న్ అగైన్ పుట్టింది. పెద్ద బ్యాండ్లు అంత దూరం ఎప్పుడో గానీ వచ్చేవి కావు. రానివాళ్లను జనం తామే తయారుచేసుకున్నారు.

సొంత పాటలు చేయడం చేతకానివాళ్లే ఇలా చేస్తారా?

ఈ ప్రశ్నకు నా దగ్గర మూడు పేర్లున్నాయి.

మొదటిది బ్రాడ్ డెల్ప్. బోస్టన్ అనే బ్యాండ్ గాయకుడు. 1976లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటీ 70 లక్షల కాపీలకు సర్టిఫికెట్ పొందింది. అంతటి గొంతు గలవాడు ఖాళీ దొరికినప్పుడు ఏం చేసేవాడు? బీటిల్‌జూస్ అనే ట్రిబ్యూట్ బ్యాండ్‌తో తన ఊరి చుట్టుపక్కల క్లబ్బుల్లో బీటిల్స్ పాటలు పాడేవాడు. ఆయనకు పేరు తక్కువా, డబ్బు తక్కువా? చిన్నప్పటి నుంచి ఆ పాటలంటే ప్రాణం, అంతే.

రెండోది ఫ్యాబ్ ఫో, బీటిల్స్ పాటల బృందం. 1998లో న్యూయార్క్‌లో మొదలైంది. బేస్ వాయించే విల్ లీ ఏళ్ల తరబడి డేవిడ్ లెటర్‌మన్ టీవీ షో బ్యాండ్‌లో ఉన్నాడు. గిటారిస్ట్ జిమ్మీ వివీనో కోనన్ ఓబ్రయన్ షోలో వాయించాడు. రోజూ వేరే వేరే గాయకులు వస్తుంటే, అప్పటికప్పుడు పాట నేర్చుకుని వాయించే ఉద్యోగాలవి. ఈ బృందం విగ్గులు పెట్టుకోదు, కోట్లు వేసుకోదు. రికార్డులో ఏం వినిపిస్తుందో అది వేదిక మీద వినిపించాలి, అదొక్కటే పట్టుదల.

మూడోది మైక్ పోర్ట్‌నాయ్. డ్రీమ్ థియేటర్ అనే మెటల్ బ్యాండ్ డ్రమ్మర్. కష్టమైన లయలకు పెట్టింది పేరు. ఆయన 2003లో పాల్ గిల్బర్ట్, నీల్ మోర్స్ లాంటివాళ్లను కూడగట్టి ఎల్లో మ్యాటర్ కస్టర్డ్ పేరుతో బీటిల్స్ పాటలు వాయించాడు. తర్వాత లెడ్ జెప్లిన్, రష్ బ్యాండ్ల పాటలకూ వేరేగా బృందాలు కట్టాడు.

సొంత పాటలు చేయలేక ఇటు వచ్చినవాళ్లు అసలు లేరని నేననను. ఉన్నారు. కానీ ఆ ఒక్క కారణంతో అందరినీ ఒకే గాటన కట్టేయడం అన్యాయం.

సంగీతం కాలేజీలో చదివి వస్తారా, సొంతంగా నేర్చుకుంటారా?

ఒక దారి అంటూ లేదు. బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ పాటలతో పేరు తెచ్చుకున్న మార్క్ మార్టెల్ కెనడావాడు. బైబిల్ కాలేజీలో కలిసిన స్నేహితులతో డౌన్‌హియర్ అనే క్రైస్తవ రాక్ బ్యాండ్ పెట్టి పదేళ్లకు పైగా సొంత పాటలు పాడాడు. బ్రిటిష్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ పాటలు వాయించే ఐరన్ మెయిడెన్స్ బృందంలో డ్రమ్మర్ లిండా మెక్‌డొనాల్డ్ ఫాంటమ్ బ్లూ అనే మెటల్ బ్యాండ్ నుంచి వచ్చింది. ఇంకొందరు నాటకాల నుంచి, స్టూడియోల నుంచి వచ్చారు. ఎక్కువమంది మాత్రం బార్లలో, క్లబ్బుల్లో రాత్రికి మూడు గంటల చొప్పున వాయించి చేయి తిరిగినవాళ్లే. మన ఆర్కెస్ట్రా కుర్రాళ్లకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

పగలు ఉద్యోగం చేసుకుంటూ ఈ పని చేసినవాళ్లు ఉన్నారా?

చాలామంది. అందరిలోకీ నాకు ఇష్టమైన కథ అకియో సకురాయ్‌ది. జపాన్‌లో ఆయన కిమోనోలు అమ్మేవాడు. రాత్రిళ్లు టోక్యో క్లబ్బుల్లో 'మిస్టర్ జిమ్మీ' పేరుతో లెడ్ జెప్లిన్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ అయిపోయేవాడు. పాట మక్కీకి మక్కీ దించితే ఆయనకు సరిపోదు. ఫలానా సంవత్సరం, ఫలానా ఊళ్లో జరిగిన కచేరీలో పేజ్ ఆ సోలో ఎలా వాయించాడో అలాగే రావాలి. గిటార్ పికప్‌ల దగ్గర నుంచి ప్యాంటు మీద కుట్టుపని దాకా అదే పిచ్చి. 2012లో ఒక రాత్రి టోక్యోలో ఆయన వాయిస్తుంటే చూడటానికి జిమ్మీ పేజ్ స్వయంగా వచ్చాడు. ఆ తర్వాత సకురాయ్ ఉద్యోగం వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు.

నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెడ్ గేరింగ్ ఇంకో రకం. టామీ హిల్‌ఫిగర్ బట్టల కంపెనీకి సీఈఓగా పనిచేసిన మనిషి. 2014లో బేసిస్ట్ బార్ట్ వాన్ పోపెల్‌తో కలిసి అనలాగ్స్ అనే బీటిల్స్ బృందాన్ని పెట్టి, డ్రమ్స్ దగ్గర తనే కూర్చున్నాడు.

## బ్యాండ్‌లో చేరేటప్పుడు

గొంతు కలిస్తే చాలా, ముఖం కూడా కలవాలా?

అది బ్యాండ్‌ను బట్టి. బీటిల్స్, ముఖాలకు రంగులేసుకునే కిస్ లాంటి బ్యాండ్ల పాటలు వాయించేవాళ్లకు రూపం చాలా ముఖ్యం, ఎందుకంటే జనం బొమ్మ చూడటానికీ వస్తారు. పింక్ ఫ్లాయిడ్ దగ్గర ఆ బాధ లేదు. అసలు బ్యాండ్ సభ్యులే చీకట్లో, లైట్ల వెనక ఉండిపోయేవారు. పక్క వీధిలో కనిపిస్తే వాళ్ల అభిమానులే గుర్తుపట్టరేమో! అందుకే ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్‌లో ఎవరూ ఎవరి వేషమూ వేయరు. వాళ్ల శ్రమంతా ధ్వని మీద, లైట్ల మీద, గుండ్రటి తెర మీద. అసలు బ్యాండ్ ఎగరేసే గాలి పందికి తోడు వీళ్లు పెద్ద గులాబీ కంగారూను కూడా లేపుతారు.

ఆడవాళ్లు మగవాళ్ల బ్యాండ్ పాటలు వాయిస్తే అతకదు కదా?

విన్నాక చెప్పండి. ఐరన్ మెయిడెన్స్ 2001 నుంచి లాస్ ఏంజెలెస్‌లో ఉంది, సభ్యులంతా ఆడవాళ్లే. అసలు బ్యాండ్ ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ పేరును విరిచి వీళ్ల గాయని 'బ్రూస్ చికిన్సన్' అని పెట్టుకుంది. పేర్లు నవ్వులాటకే గానీ వాయించడంలో నవ్వులాట లేదు. ఈ బ్యాండ్‌లో గిటార్ వాయించిన నీటా స్ట్రాస్ 2014లో అమెరికన్ రాక్ గాయకుడు ఆలిస్ కూపర్ బ్యాండ్‌లో చేరింది. న్యూయార్క్‌లో 2004లో మొదలైన లెజ్ జెప్లిన్ కూడా ఆడవాళ్ల బ్యాండే. లెడ్ జెప్లిన్ రికార్డింగులకు ఇంజనీర్‌గా పనిచేసిన ఎడ్డీ క్రేమరే వీళ్ల మొదటి ఆల్బమ్‌కు నిర్మాత.

ఇలాంటి బ్యాండ్లు మనుషుల్ని ఎలా ఎంచుకుంటాయి?

ఒకప్పుడు నోటి మాట మీద, క్యాసెట్ల మీద. ఇప్పుడు యూట్యూబ్ మీద. క్వీన్ డ్రమ్మర్ రోజర్ టేలర్ 2011లో క్వీన్ ఎక్స్‌ట్రావగాంజా అనే అధికారిక ట్రిబ్యూట్ బృందం కోసం ఆన్‌లైన్‌లో ఆడిషన్ పెట్టాడు. మార్క్ మార్టెల్ ఒక పాట పాడి వీడియో పంపాడు. కళ్లు మూసుకుని వింటే క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీయే. ఆ వీడియో లక్షల మందికి చేరింది, బృందంలో చోటు దొరికింది. ఫ్రెడ్డీ జీవితం మీద 2018లో వచ్చిన సినిమాలో కూడా కొన్నిచోట్ల వినిపించేది మార్టెల్ గొంతే.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. ఫ్రెడ్డీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ. మహారాష్ట్రలోని పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో చదివాడు. అక్కడ స్నేహితులతో కట్టిన హెక్టిక్స్ అనే బ్యాండ్ వాయించినవి ఇతరుల పాటలే.

## సాధన చేసేటప్పుడు

నొటేషన్ చూసి నేర్చుకుంటారా, విని నేర్చుకుంటారా?

అచ్చులో నొటేషన్ దొరుకుతుంది, దాంతో కొంత దూరం వెళ్లొచ్చు. అసలు పని చెవిదే. పుస్తకంలో ఏ స్వరమో ఉంటుంది గానీ, దాన్ని ఏ తీగ మీద పట్టాలో, ఎంత ఆలస్యంగా వదలాలో ఉండదు. ఒకే స్వరం గిటార్‌లో నాలుగు చోట్ల దొరుకుతుంది, నాలుగు చోట్లా నాలుగు రకాలుగా పలుకుతుంది. అందుకే పాత కచేరీల వీడియోలు ముందు పెట్టుకుని వేళ్లు ఎక్కడున్నాయో చూస్తారు. నేను ఆర్కెస్ట్రాలో ఉన్నప్పుడు టేప్ రికార్డర్‌లో వెనక్కి తిప్పి తిప్పి ఒక సినిమా పాట గిటార్ బిట్ దించడానికి నాలుగు రాత్రులు పట్టింది. క్యాసెట్ సాగి శ్రుతి దిగిపోయిందని, నేను నేర్చుకున్నదంతా అర స్వరం కిందికి ఉందని స్టేజీ ఎక్కాక తెలిసింది. కీబోర్డ్ వాయించే అతను ఆ రోజు నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

అందరిలో ఎవరి పని కష్టం?

నన్నడిగితే డ్రమ్మర్‌ది. గాయకుడి గొంతు అటూ ఇటూ అయితే జనం క్షమిస్తారు. డ్రమ్మర్ తీరు మారితే మొత్తం పాట వేరే బ్యాండ్‌ది అయిపోతుంది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్‌నే తీసుకోండి. పుట్టుకతో పుర్రచేతి వాటం, కానీ వాయించింది కుడిచేతివాళ్లకు అమర్చిన కిట్. దాంతో ఒక డ్రమ్ నుంచి ఇంకో డ్రమ్‌కు వెళ్లేటప్పుడు ఆయన చేతులు మామూలు డ్రమ్మర్లు వెళ్లే వరసలో వెళ్లవు. చిన్న సందు, చిన్న తడబాటులాంటిది వినిపిస్తుంది. అదే ఆయన సంతకం. కుడిచేతి డ్రమ్మర్ దాన్ని పట్టుకోవాలంటే నేర్చుకున్న అలవాటును తిరగేసుకోవాలి. పైకి సులువుగా వినిపించే ఆ పాటల దగ్గర బాగా చదువుకున్న డ్రమ్మర్లు కూడా బోల్తా పడేది ఇందుకే.

బీటిల్స్‌లో బేస్ వాయించిన పాల్ మెకార్ట్‌నీ వేషం వేసేవాళ్లకు ఇంకో తిప్పలు. ఆయన ఎడమచేత్తో బేస్ వాయిస్తాడు. బొమ్మ కుదరడం కోసం కుడిచేతివాటం వాళ్లు కూడా కొందరు ఎడమచేత్తో మొదటి నుంచి నేర్చుకున్నారు.

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లకు ఇది సులువా?

లయ వరకు చేయి ముందే తిరిగి ఉంటుంది. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' పాటలో మొదటి బేస్ వరస ఏడు మాత్రల లెక్క. నాలుగు లెక్కకు అలవాటు పడ్డ రాక్ కుర్రాళ్లు దాని దగ్గర తడబడతారు. మిశ్రచాపు వేసుకుంటూ పెరిగినవాళ్లకు ఏడు భయపెట్టదు. గిటార్ సోలో వచ్చేసరికి పాట నాలుగులోకి మారుతుంది, అక్కడ జాగ్రత్త.

స్వరం విషయంలో మాత్రం తలనొప్పి ఉంది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్ తీగను లాగి స్వరం పైకి తీసుకెళ్లే తీరు మనకు గమకంలా వినిపించి చేయి దానంతట అదే ఊగుతుంది. ఆయన ఎంత ఊపాడో అంతే ఊపాలి. మన అలంకారం ఒక్కటి చేరినా అనుకరణ పోతుంది. మరోవైపు, బీటిల్స్ 1967 నాటి 'సార్జంట్ పెప్పర్' ఆల్బమ్ మొత్తం వాయించదలచిన ఏ బృందానికైనా దిల్‌రుబా, తబలా, తంబూరా వాయించేవాళ్లు కావాలి. అక్కడ మనవాళ్లకే గిరాకీ.

పాత వాయిద్యాలే కావాలా? కంప్యూటర్‌లో ఆ ధ్వనులన్నీ ఉన్నాయి కదా?

చాలామంది కంప్యూటర్‌తోనే నడిపిస్తారు, తప్పేం లేదు. టూర్‌లో ముసలి వాయిద్యం మొరాయిస్తే దాన్ని బాగుచేసే మనిషి దొరకడం గగనం. డచ్ బృందం అనలాగ్స్ మాత్రం మొండికేసింది. బీటిల్స్ 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి టికెట్ కచేరీ చేసి టూర్లు మానేశారు. ఆ తర్వాతి ఆల్బమ్‌లు స్టూడియోలో పుట్టినవి, చాలా పాటలు వాళ్లు వేదిక మీద ఎన్నడూ వాయించలేదు. అసలు కచేరీయే లేని పాటలకు కచేరీ చేయడం ఈ బృందం పని. టేపు మీద రికార్డు చేసిన ధ్వనులను మీటలతో పలికించే మెలోట్రాన్ లాంటి ఆనాటి వాయిద్యాలు వెతికి తెచ్చి, తీగవాద్యాలు, బూరలు వాయించేవాళ్లను కూడా ఎక్కించి ఆల్బమ్‌లను వరసగా వినిపించారు.

## వేదిక, డబ్బు, హక్కులు

వేరేవాళ్ల పాటలు ఇలా వాయిస్తే కేసులు పడవా?

పాట వాయించడానికి లైసెన్సు పద్ధతి ఉంది. మామూలుగా హాలువాళ్లో నిర్వాహకులో హక్కుల సంఘానికి రుసుము కడతారు. మన దేశంలో ఐపీఆర్ఎస్, బ్రిటన్‌లో పీఆర్ఎస్, అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ లాంటివి. అందులో పాట రాసినవాళ్లకు వాటా వెళ్తుంది. చిక్కు వచ్చేది పేరు, లోగో, రూపం దగ్గర. 'బీటిల్‌మేనియా' నిర్మాతల మీద బీటిల్స్ కంపెనీ యాపిల్ కేసు వేసి 1986లో గెలిచింది. కోర్టు వేయించిన పరిహారం దాదాపు కోటి డాలర్లు.

అసలు బ్యాండ్‌వాళ్లు వీళ్లను చూసి ఏమనుకుంటారు?

రకరకాలుగా. కొందరు వకీలు నోటీసు పంపుతారు, కొందరు టికెట్ కొనుక్కుని వస్తారు. డేవిడ్ గిల్మోర్ 1996లో తన యాభయ్యో పుట్టినరోజు పార్టీకి ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్‌ను పిలిపించి వాయించుకున్నాడు. కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన మ్యూజికల్ బాక్స్ బృందం 1970ల నాటి బ్రిటిష్ బ్యాండ్ జెనెసిస్ కచేరీలను పునఃసృష్టిస్తుంది. వాళ్లకు జెనెసిస్ అనుమతితో పాటు, 1974-75 నాటి 'ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే' ప్రదర్శనలో తెర మీద వేసిన స్లైడ్లను కూడా ఇచ్చింది. ఆ ప్రదర్శన పూర్తి వీడియో ఎక్కడా లేదు కాబట్టి, ఈరోజు దాన్ని చూడాలంటే నకలే దిక్కు. 2005లో జెనీవాలో జెనెసిస్ డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ వాళ్లతో కలిసి డ్రమ్స్ వాయించాడు. జెనెసిస్ తొలినాటి గాయకుడు పీటర్ గేబ్రియల్ తన పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి చూపించాడు, నాన్న ఒకప్పుడు ఏం చేసేవాడో తెలియాలి కదా.

## ఆ తర్వాత

ట్రిబ్యూట్ బ్యాండ్ నుంచి అసలు బ్యాండ్‌లోకి వెళ్లినవాళ్లు నిజంగా ఉన్నారా?

ఉన్నారు. టిమ్ ఓవెన్స్ ఒహాయోలోని యాక్రన్‌వాడు. బ్రిటిష్ స్టీల్ అనే ట్రిబ్యూట్ బ్యాండ్‌లో హెవీ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్ పాటలు పాడేవాడు. అతని షో వీడియో టేపు తిరిగి తిరిగి జూడాస్ ప్రీస్ట్ చేతికే వెళ్లింది. 1996లో తీసుకున్నారు, 'రిప్పర్' అని పేరు పెట్టారు. టామీ థేయర్ లాస్ ఏంజెలెస్‌లో కోల్డ్ జిన్ అనే కిస్ ట్రిబ్యూట్ బ్యాండ్‌లో వాయించి, తర్వాత కిస్‌లోనే పాత గిటారిస్ట్ ఏస్ ఫ్రేలీ చోటులో నిలబడ్డాడు. బ్రాడ్ డెల్ప్ 2007లో చనిపోయాక బోస్టన్‌లో పాడిన టామీ డికార్లో అప్పటికి హోమ్ డిపో దుకాణంలో పనిచేసేవాడు. డెల్ప్ మీద అభిమానంతో పాడి మైస్పేస్ అనే సోషల్ సైట్‌లో పెట్టుకున్న పాటలు బ్యాండ్ దాకా వెళ్లాయి. జర్నీ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌లో చేరిన ఆర్నెల్ పినేడాను కూడా ఈ లెక్కలో కలిపేస్తుంటారు. మనీలాలో అతను పాడిన 'ద జూ' నిజానికి కవర్ బ్యాండ్.

అలా వెళ్లినవాళ్లు నిలబడ్డారా?

అందరూ కాదు. టిమ్ ఓవెన్స్ జూడాస్ ప్రీస్ట్‌తో 1997లో, 2001లో రెండు స్టూడియో ఆల్బమ్‌లు చేశాడు. 2003లో పాత గాయకుడు రాబ్ హాల్‌ఫోర్డ్ తిరిగొచ్చేసరికి చోటు ఖాళీ చేయాల్సి వచ్చింది. కెనడావాడు బెన్వా డేవిడ్ యెస్ బ్యాండ్ పాటలు పాడే బృందం నుంచి 2008లో యెస్‌లోకే వెళ్లాడు. అసలు గాయకుడు జాన్ ఆండర్సన్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డాడని తెచ్చుకున్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే డేవిడ్‌కూ శ్వాస జబ్బే వచ్చి వెళ్లిపోయాడు. 2012లో అతని చోటులోకి వచ్చిన జాన్ డేవిసన్ కూడా యెస్ ట్రిబ్యూట్ బృందంలో పాడినవాడే. అతను మాత్రం నిలదొక్కుకున్నాడు.

ఒక ట్రిబ్యూట్ బ్యాండ్‌లోంచి ఇంకో ట్రిబ్యూట్ బ్యాండ్ పుడుతుందా?

పుడుతుంది. డేమియన్ డార్లింగ్టన్ పదిహేడేళ్లు ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్‌లో గిటార్ వాయించి, 2011లో విడిగా బ్రిట్ ఫ్లాయిడ్ పెట్టాడు. ఇప్పుడు రెండూ ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?

ఆత్మ ఉంది, రూపం వేరు. ఏటా ఫిబ్రవరిలో ఘంటసాల వర్ధంతికి ఊరూరా జరిగే కచేరీలు చూడండి. 'జూనియర్ ఘంటసాల' అని బిరుదు పొందినవాళ్లు ఎంతమందో. కానీ మన పట్టింపంతా గొంతు మీదే. పాటలో వయొలిన్ల బిట్ కీబోర్డ్ మీద వచ్చినా సర్దుకుంటాం. రాక్ విషయంలో నాకు ముందు గుర్తొచ్చేది షిల్లాంగ్. అక్కడ లూ మాజా 1972 నుంచి ఏటా మే 24న, బాబ్ డిలన్ పుట్టినరోజున, డిలన్ పాటల కచేరీ చేస్తూ వచ్చాడు. అనుకరణ కాదు, తన గొంతుతోనే.

మేం నలుగురం స్నేహితులం. ఇలాంటి బ్యాండ్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీకు ఇష్టమైన బ్యాండ్ ఏదని కాదు, మీ గాయకుడి గొంతు ఏ బ్యాండ్‌కు సరిపోతుందో చూసుకోండి. శ్రుతి దించి పాడాల్సి వస్తే ఆ బ్యాండ్ మీది కాదు. హిట్ పాటలన్నీ ఏరుకోకుండా ఒకే ఆల్బమ్ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా నేర్చుకోండి. రిహార్సల్ రికార్డు చేసి అసలు పాట పక్కన పెట్టి వినండి. మొదటిసారి విన్నప్పుడు ఏడుపొస్తుంది, పర్లేదు. ఇంకోటి, మీ నలుగురిలో ముగ్గురు గిటార్ వాయించేవాళ్లయి ఉంటారు, నాకు తెలుసు. ముందు డ్రమ్మర్‌ను వెతకండి.